మూఢకాలంలో కుంపటి: కంసాలి ఖాళీ నెలల పని, పై రాబడి – ఒక చారిత్రక పరిశీలన

తెలుగువారి పంచాంగం పెళ్ళిళ్ళకు మాత్రమే కాక కంసాలి కుంపటికి కూడా కాలనిర్ణయం చేసింది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురుమూఢం ఏటా ఇంచుమించు ఒక నెల నడుస్తుంది. శుక్రమూఢం ఒకమారు పది రోజులలోపు ముగిస్తే, మరొకమారు రెండు నెలలు దాటి సాగుతుంది. వీటికి తోడు రెండున్నర మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుంది. ఈ రోజులన్నింటిలో పెళ్ళి లేదు. పెళ్ళి లేనినాడు పుస్తె లేదు, మట్టెలు లేవు, ఆడపిల్లకు పెట్టే పేరుపెట్టిన నగ ఏదీ లేదు. ఏడాదిలో కనీసం మూడు నెలలు, కొన్ని సంవత్సరాలలో ఐదారు నెలలు, స్వర్ణకారుని ముఖ్యమైన పని ఆగిపోతుంది. మిగిలిన నెలలలో పని ఒక్కసారిగా మీద పడుతుంది. మాఘం నుండి జ్యేష్ఠం వరకు రాత్రి దీపం కింద పనిచేసే చేయి ఆషాఢంలో ఏమి చేసింది? ఆ నెలలలో ఇల్లు దేనితో గడిచింది?

ఈ ప్రశ్న వృత్తుల చరిత్రలో అంతగా చర్చకు రాలేదు. వృత్తిని గురించి రాసేవారు సాధారణంగా ఆ వృత్తి నిండుగా సాగే కాలాన్ని వర్ణిస్తారు. పనిముట్ల పేర్లు, పని దశలు, నగల రకాలు సేకరిస్తారు. పని లేని కాలం వర్ణనకు అందదు. అయితే ఒక వృత్తిలోని వ్యక్తి తన విద్యను ఎంతవరకు చాపగలడో, ఏయే పనులకు మళ్ళించగలడో తెలిసేది ఆ ఖాళీ కాలంలోనే. "కోటి విద్యలు కూటి కొరకే" అన్న సామెతను సాధారణంగా నిరాసక్తతతో, వేదాంత ధోరణిలో వాడుతారు. కంసాలి విషయంలో దానిని అక్షరార్థంగానే తీసుకోవలసి ఉంటుంది. అతనికి ఉన్నది ఒక విద్యే. దానినే పది విధాలుగా మార్చుకుంటే తప్ప కూడు లేదు.

మేర లేని చేతిపని

గ్రామ వ్యవస్థలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి వంటివారికి పంటనుండి ఏటా ముట్టే ధాన్యపు వాటాను తీరాంధ్రలో మేర అనీ, తెలంగాణలో బలుత అనీ వ్యవహరించారు. విజయనగర కాలం నుండి వినవచ్చే పన్నిద్దరు ఆయగాండ్ర జాబితాలు ఊరూరికీ మారుతూ ఉంటాయి. కమ్మరి, వడ్రంగి దాదాపు ప్రతి జాబితాలోనూ కనిపిస్తారు. కంసాలి కొన్నింట ఉంటాడు, కొన్నింట ఉండడు. ఈ తేడా చిన్నది కాదు. నాగలి కర్రు సాగగొట్టే కమ్మరికి వానకాలంలో చేతినిండా పని. ఆ పని లేని వేసవిలోనూ కళ్ళంలో అతని వాటా అతనికి వస్తుంది. పని కాలానికీ తిండి కాలానికీ మధ్య ఉన్న ఎడాన్ని మేర పూడ్చింది. మేరలో చోటు లేని ఊళ్ళలో కంసాలికి ఆ ఆసరా లేదు. అతనికి ఇచ్చేది చేసిన నగకు కట్టే మజూరి మాత్రమే. నగ లేకపోతే మజూరి లేదు.

మజూరి సైతం పనితనానికి కాక తూకానికి లెక్కకట్టే అలవాటు బలంగా ఉండేది. తులానికి ఇంత అన్నది మాట. సన్నని తీగ పని ఉన్న చిన్న నగకు పట్టే కాలం లావుపాటి కడియానికి పట్టే కాలం కంటె ఎక్కువ. తూకపు లెక్కలో ఆ కాలం కనిపించదు. ఇక 'తరుగు' అనే మాట. కరగడంలోను, అరగదీయడంలోను, మెరుగు పెట్టడంలోను పోయే లోహానికి ఒప్పుకొన్న మినహాయింపు అది. తులానికి తొంబదారు గురిగింజల ఎత్తు. ఒక్క గురిగింజ ఎత్తు పోయిందంటే నూటికి ఒకపాలు పైచిలుకు. ఆకురాయి పొడిలో, కుంపటి బూడిదలో, మూసకు అంటుకొన్న పూసలో అది పోవడం కష్టం కాదు. పని చేసిన చోటి మట్టిని ఊడ్చి దాచి, కొంత కూడిన తరువాత కడిగేవారికి అమ్మడం వృత్తిలోని మామూలు రాబడి. ఈ ధూళిని కడిగి లోహం తీసి బతికిన జలగడుగువారు అనే చిన్న సమూహాన్ని థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాలు పేర్కొన్నాయి. ఒకరి పని ఊడ్పు మరొకరికి వృత్తి అయినదంటే ఆ ఊడ్పు విలువ ఎంతో ఊహించవచ్చు.

లోకం ఈ విషయాన్ని ఇలా చూడలేదు. తల్లికి చేసిన నగలో సైతం కంసాలి కొంత మిగుల్చుకొంటాడన్న అర్థంలో తెలుగునాట సామెతలు ఉన్నాయి. ఈ అనుమానం ప్రాచీనమైనది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం రాజ్యానికి ముల్లువంటివారిలో అన్యాయం చేసే స్వర్ణకారుని అందరికంటె పాపిష్ఠునిగా లెక్కించి క్రూరమైన దండన విధించింది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో స్వర్ణకారుని అపహరణ మార్గాలను తులావిషమం, అపసారణం, విస్రావణం, పేటకం, పింకం అని ఐదుగా విభజించి వివరించింది. దొంగతనం లేదనడం ఇక్కడ ఉద్దేశం కాదు. కౌటిల్యుడు ఇచ్చిన వివరం చూస్తే పని తెలిసినవారి నోటనే విన్నట్లు ఉంటుంది. కాని ధర్మశాస్త్రమూ సామెతా రెండూ కంసాలిని ఎవరిదో బంగారం ముందు కూర్చున్నవానిగా మాత్రమే చూశాయి. ఏడాదిలో కొన్ని నెలలు ఏ బంగారమూ ముందు లేక కూర్చున్నవానిగా చూడలేదు. తరుగు మీద తగవు పుట్టడానికి మనిషి స్వభావం ఎంత కారణమో, కూలి కట్టే పద్ధతిలో ఖాళీ కాలానికి లెక్క లేకపోవడం అంత కారణం.

అక్షశాల నుండి అగసాలె వరకు

కంసాలి అన్న మాటను కర్మశాల నుండి సాధించేవారు ఉన్నారు. దానికి పర్యాయంగా నిలిచిన అగసాలె అన్న మాట మాత్రం మరింత స్పష్టమైన చరిత్ర చెబుతుంది. అర్థశాస్త్రంలో బంగారు వెండి పనులు జరిగే రాజకీయ కర్మాగారం పేరు అక్షశాల. కన్నడంలో అక్కసాలె, తెలుగులో అగసాలె దాని వికృతులు. ఈ రెండు కొసలకు నడుమ కళింగం ఉంది. ముఖలింగం ప్రాంతం కేంద్రంగా ఏలిన తూర్పు గాంగుల తామ్రశాసనాలలో శాసనాన్ని చెక్కినవానిని అక్షశాలి అని పేర్కొనడం తరచుగా కనిపిస్తుంది. అంటే నగ చేసే చేయి రాగిరేకు మీద రాజాజ్ఞను చెక్కింది. విజయనగర తామ్రశాసనాల చివర త్వష్టగా పేరు పెట్టుకొన్న వీరణాచార్యుడు ఇదే పరంపరలోనివాడు. తన పేరును రాజు పేరున్న రేకు మీదనే నిలుపుకొన్నాడు. తిరుమల సంకీర్తన భండారంలో దొరికిన తాళ్ళపాకవారి రేకులు రెండు వేలకు పైబడినవి. పలకలు సాగగొట్టి, చదును చేసి, రెండు వైపులా అక్షరాలు దించడానికి ఎన్ని ఉలులు, ఎంతమంది చేతులు, ఎన్నేళ్ళు పట్టి ఉంటాయో ఆ రేకులను చూసినవారు అంచనా వేయగలరు. తెలుగు సాహిత్య చరిత్రకారులు ఆ రేకులలోని పదాలను గురించి రాసినంతగా ఆ ఉలిని గురించి రాయలేదు.

రాజులు పోయారు, తామ్రశాసనాలు ఆగిపోయాయి. లోహం మీద అక్షరం చెక్కే నేర్పు మాత్రం చచ్చిపోలేదు. స్థాయి తగ్గించుకొని ఊళ్ళలోకి వచ్చింది. పెళ్ళికి పెట్టిన ఇత్తడి బిందె మీద, కంచు చెంబు మీద, తరువాతి కాలంలో స్టీలు పళ్ళెం మీద ఇచ్చినవారి పేరూ పుచ్చుకొన్నవారి పేరూ తేదీతో సహా చెక్కించడం తెలుగు ఇళ్ళలో మొన్నమొన్నటి వరకు తప్పనిసరి. చిన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టిన ఆ అక్షరాలకు కూలి అక్షరానికింత. ఇది కంసాలికి, కంచరికి ఖాళీవేళల పని. అక్షశాలి వంశస్థులు వంటపాత్రల మీద పేర్లు కొట్టవలసి వచ్చిందని విచారించనక్కరలేదు. లిపి చరిత్ర చదివేవారికి ఈ బిందెలు, చెంబులు ఇంకా సేకరించని ఆధారసామగ్రి. అచ్చు యంత్రం ప్రభావానికి లోనుకాని అక్షర రూపాలు, ఇంటిపేర్ల పాత వర్ణక్రమాలు, బంధువాచకాల ప్రాంతీయ రూపాలు వాటి మీద తేదీలతో నిలిచి ఉన్నాయి. పాత సామాను తూకానికి పోయి కరిగిపోతున్న ఈ రోజుల్లో ఆ సేకరణ వాయిదా వేయదగినది కాదు.

ఆషాఢంలో ఏమి చేసేవారు

ఖాళీ నెలల పనులను పరిశీలిస్తే వాటికి మూడు మూలాలు కనిపిస్తాయి: చేతిలోని పనిముట్లు, కంటికి ఉన్న పరీక్షా జ్ఞానం, పంచాణంవారిలో పరస్పరం ఉన్న రాకపోకలు. వీటిలో రెండవదే అన్నింటికంటె ముఖ్యమైనది, తక్కువగా గుర్తించబడినది.

పనిముట్ల సంగతి ముందు. కుంపటి, ఊదుగొట్టం, మూస, పట్టకారు, దాగలి, సుత్తి, ఆకురాయి, తీగ దీసే కమ్మచ్చు, శ్రావణం. ఈ సరంజామా బంగారానికి ఎంత పనికివస్తుందో వెండికీ రాగికీ అంతే పనికివస్తుంది. పెళ్ళిళ్ళు లేని నెలలో తెగిన మొలతాడు, ఊడిన పట్టీ మువ్వ, అరిగిన ముక్కుపుడక మర బాగుచేయడం నిత్యపు చిల్లర రాబడి. ఆషాఢం తరువాత శ్రావణం వస్తుంది. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి తెలుగు స్త్రీలు లక్ష్మి రూపు కొని కలశానికి కట్టడం ఆచారం. ఆ రూపులు అచ్చులో కొట్టి ముందుగా సిద్ధం చేసుకోవలసినది ఆషాఢంలోనే. ఒకరి కోసం కొలత తీసి చేసే నగకు భిన్నంగా ఇది ఎవరు కొంటారో తెలియకుండానే చేసి పెట్టుకొనే సరుకు. సొంత పెట్టుబడి ఉన్న కంసాలికే అది సాధ్యం. లేనివాడు సాహుకారు బంగారంతో కూలికి కొట్టాడు. ఖాళీ కాలపు రాబడిలో సైతం ఉన్నవానికీ లేనివానికీ తేడా ఇక్కడే మొదలైంది.

దేవాలయాల పని మరొకటి. వెండి తొడుగులు, కవచాలు, కలశాలకు బంగారు మలాము. మలాము కోసం బంగారాన్ని పాదరసంలో కలిపి రాగి మీద పూసి, కుంపటి మీద కాచి పాదరసాన్ని ఆవిరిగా పంపేవారు. మిగిలిన బంగారు పొర ఏళ్ళ తరబడి మెరిసేది. ఆ ఆవిరి పీల్చిన చేతులు వణికేవి, పళ్ళు కదిలేవి. ఇది ఖాళీ రోజులలో మంచి కూలి తెచ్చిన పనే. దాని ఖర్చు మాత్రం కూలి లెక్కలో రాలేదు.

చెవులు కుట్టడం కంసాలి పనే అని తెలియనివారు లేరు. సన్నని బంగారు తీగ కొసను సూదిగా చేసి, ఒక్క పోటుతో గుచ్చి, అక్కడికక్కడే మెలివేసి పోగు చేయడానికి వైద్యుని ధైర్యం, స్వర్ణకారుని చేతివాటం రెండూ కావాలి. బియ్యం, తాంబూలం, దక్షిణ దానికి ముట్టేవి. ఇంట్లో జరిపే కర్ణవేధకు ముహూర్తం కావాలి గనుక అదీ మూఢంలో ఆగేదే. పుణ్యక్షేత్రంలో మొక్కు తీర్చుకొనేవారు మాత్రం ముహూర్తపు పట్టింపు అంతగా పెట్టుకోరు. క్షేత్రాలలో తలనీలాల చోటికి దగ్గరలోనే చెవులు కుట్టేవారు కూర్చోవడానికి కారణం ఇదే. ఇంటి దగ్గర పంచాంగం మూసిన దారిని క్షేత్రం తెరిచింది.

ఇక కంటి విద్య. తెలుగులో బంగారపు నాణ్యతకు పాత కొలత 'వన్నె'. వర్ణ శబ్దభవమైన ఈ మాట మొదట రంగును, తరువాత గీటురాయి మీద గీత రంగును, ఆ పైన శుద్ధి ప్రమాణాన్ని చెప్పింది. పదహారు వన్నెల బంగారం అంటే మేలిమి. పుటం పెట్టగా తేలిన అపరంజి. గీటురాయి మీద నగ గీత పక్కన తెలిసిన వన్నె గల పుల్లతో గీత గీసి, రెండింటినీ పోల్చి, తేడాను కంటితో పట్టుకోవాలి. ఈ పరీక్షకు సాటివచ్చే సాధనం పల్లెలో మరొకటి లేదు. నాణేలు రకరకాలుగా చెలామణి అయిన కాలంలో వాటి మంచిచెడ్డలు చెప్పే నోటగాడు శిస్తు వసూలుకు అవసరమైన మనిషి. వరహా సరైనదా, అంచు గీకినదా, లోపల మరో లోహం ఉన్నదా అని చెప్పవలసినది లోహం తెలిసినవాడే. ఈస్టిండియా కంపెనీ ఏకరూపమైన రూపాయిని 1835లో ప్రవేశపెట్టిన తరువాత నోటగాని అవసరం క్రమంగా తగ్గింది. గీటురాయికి మాత్రం పని తప్పలేదు. ఆ పని నాణెం నుండి తాకట్టుకు మారింది.

ఇక్కడ వ్యవసాయపు కాలచక్రమూ పెళ్ళిళ్ళ కాలచక్రమూ ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. తొలకరికి రైతుకు విత్తనం కావాలి, ఎడ్లు కావాలి, కూలీలకు డబ్బు కావాలి. చేతిలో ఉన్నది భార్య మెడలోని నగ. అది సాహుకారు పెట్టెలోకి వెళ్ళేది ఆషాఢం చుట్టుపక్కలనే. నగ ఎంతకు తాకట్టు పెట్టవచ్చునో చెప్పడానికి సాహుకారు పిలిచేది కంసాలిని. సంక్రాంతికి పంట ఇంటికి వచ్చిన తరువాత విడిపించిన నగను తిరిగి తూచేదీ అతడే. కొత్త నగ చేయించేవారు లేని నెలలోనే పాత నగ విలువ చెప్పించేవారు ఎక్కువ. తాను వైశాఖంలో చేసి ఇచ్చిన గొలుసునే ఆషాఢంలో తాకట్టుకు తూచవలసిన స్థితి కంసాలికి అరుదైనది కాదు. అతని ఖాళీ నెలల రాబడి రైతు ఇంటి ఇబ్బంది మీద ఆధారపడి ఉన్నదన్న చేదు నిజాన్ని ఈ చరిత్ర నుండి తప్పించలేము. సాహుకారు పక్షాన వెల తగ్గించి చెప్పాడన్న నింద, తరుగు నిందకు తోడుగా, అతని మీద పడటానికి మూలం ఇది.

మూడవది పంచాణంవారి పరస్పరత. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞ సంప్రదాయం ప్రకారం ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారం పనులు ఐదు శాఖలవి. ఈ ఐదింటికీ కంచుకోటలవంటి హద్దులు ఉన్నట్లు పుస్తకాలలో కనిపిస్తుంది. ఆచరణలో కుటుంబాల మధ్య పెళ్ళిసంబంధాలు, పని సంబంధాలు ఉండటంవల్ల బంగారు పని తగ్గినవాడు మైనపు అచ్చుతో విగ్రహం పోత పోయడానికీ, ఇత్తడి రేకు మీద నగిషీకీ మళ్ళడం కష్టం కాలేదు. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి రేకు పని, కరీంనగర్ వెండి తీగ పని ఈ కలయికకు మంచి ఉదాహరణలు. పెంబర్తి పనివారు దేవుని వాహనాలకు తొడుగులు చేశారు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు చేశారు. ఇప్పుడు సభలలో బహూకరించే జ్ఞాపికలు చేస్తున్నారు. కొనేవాడు మారినప్పుడల్లా వస్తువు మారింది. రేకును వెనకనుండి కొట్టి బొమ్మను ముందుకు తేల్చే విద్య మారలేదు.

సాంఘిక చరిత్రకు కావ్యాలను ఆకరాలుగా వాడుకొన్న సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' వంటి గ్రంథాలనుండి వృత్తుల వివరాలు ఏరి చూపారు. తెలుగు శాఖలలో వృత్తి పదాల సేకరణకు 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం దారి వేసింది. ఈ రెండు దారులూ మాటను పట్టుకొని మనిషిని చేరడానికి పనికివస్తాయి. అయితే కావ్యమైనా కోశమైనా వృత్తిని ఒక పేరు కింద ఒకే పనిగా అమర్చుతుంది. కంసాలి ఆరోపం కింద చెవులు కుట్టడం, చెంబు మీద పేరు కొట్టడం, తాకట్టు నగ తూచడం చోటు చేసుకోవాలంటే సేకరణ ప్రశ్నావళిలో "పని లేనప్పుడు ఏమి చేస్తారు" అన్న ప్రశ్న ఉండాలి.

1963: పంచాంగంలో లేని మూఢం

శూన్యమాసం ఎంత కష్టమైనా దాని అంతం ముందే తెలుసు. 1963 జనవరిలో వచ్చిపడిన ఖాళీకి ఆ అంతం తెలియలేదు. 1962 చివర చైనాతో యుద్ధం జరిగింది. విదేశమారక ద్రవ్యం కొరత, బంగారం దొంగరవాణా కారణాలుగా చూపి, ఆనాటి కేంద్ర ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి భారత రక్షణ నిబంధనల కింద బంగారం నియంత్రణ తెచ్చారు. 14 క్యారట్లకు మించిన శుద్ధి గల నగల తయారీ నిషిద్ధమైంది.

ఈ 14 క్యారట్లను వన్నెలలోకి మార్చి చూస్తేనే తెలుగు కంసాలికి అది ఎలా వినిపించిందో అర్థమవుతుంది. ఇరవైనాలుగింట పదునాలుగు అంటే పదహారింట తొమ్మిది వన్నెల పైన మూడవ వంతు. వాడుకలో ఉన్న 22 క్యారట్ల నగ పదునాలుగున్నర వన్నెలు దాటినది. తొమ్మిది వన్నెల లోహాన్ని బంగారమని పిలవడానికి భాషే ఒప్పుకోదు. అది మేలిమి కాదు, పుస్తెకు పనికిరాదు, తాకట్టుకు నిలవదు. పనిలోనూ చిక్కు వచ్చింది. రాగి పాలు పెరిగిన లోహం గట్టిది. సుత్తికి సాగదు, కాచినప్పుడు నల్లబడుతుంది, అతుకు పెట్టే పొడి మార్చాలి, కమ్మచ్చులో తీగ తెగుతుంది. తరతరాలుగా చేతికి అలవడిన మెత్తదనం ఒక్క ఉత్తర్వుతో పనికిరానిదైంది. కొనేవారు రాలేదు. పెళ్ళిళ్ళు ఆగలేదు గనుక చాటుగా జరిగే పని చాటుగానే జరిగింది. చట్టానికి భయపడినవాడు పస్తున్నాడు.

దేశవ్యాప్తంగా స్వర్ణకారులు ఆందోళనలు చేశారు. ఆత్మహత్యల వార్తలు పార్లమెంటులో చర్చకు వచ్చాయి. 1963 సెప్టెంబరులో నిబంధనలు కొంత సడలి, కొనుగోలుదారు తెచ్చిన పాత నగలను శుద్ధి పెంచకుండా మార్చి చేయడానికి అనుమతి దొరికింది. 14 క్యారట్ల పరిమితిని 1966లో ఎత్తివేశారు. 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చి స్వర్ణకారునికి ధ్రువపత్రం, లెక్కల పుస్తకం, నిలవకు హద్దు విధించింది. అందులోని కొన్ని భాగాలను సుప్రీంకోర్టు కొట్టివేసినా, చట్టం 1990 వరకు నిలిచింది.

ఈ కాలంలో ప్రభుత్వం పునరావాసమనే మాట వాడింది. రుణాలు, వేరే ఉపాధికి శిక్షణ, స్వర్ణకారుల పిల్లల చదువుకు సాయం ప్రకటించారు. పిల్లల చదువుకు ఇచ్చిన సాయం వృధా పోలేదనే చెప్పాలి. కుంపటి ముందు కూర్చోవలసిన తరం బడిలో కూర్చుంది. పెద్దల విషయంలో మాత్రం పునరావాస ఆలోచనలోనే లోపం ఉంది. కంసాలికి తెలిసినది ఒకే పని అని, అది పోతే అతడు విద్య లేనివాడని, కొత్త విద్య నేర్పితే తప్ప బతకడని ఆ ఆలోచన అనుకొంది. ఖాళీ నెలల చరిత్ర చెప్పేది దీనికి విరుద్ధం. వెండి, ఇత్తడి, విగ్రహం, మలాము, నగిషీ, పరీక్ష అన్నీ అతనికి ముందే తెలుసు. బంగారం కాని లోహానికి నియంత్రణ లేదు. అంతకుముందే మచిలీపట్నం దగ్గర చిలకలపూడి పేరుతో రోల్డుగోల్డు నగల పని స్థిరపడి ఉంది. 'చిలకలపూడి బంగారం' అన్న మాట తెలుగులో నకిలీకి జాతీయమైంది గాని, రాగి మీద సన్నని బంగారు రేకును పట్టించి అతుకు కనబడకుండా నగ చేయడం నకిలీ నేర్పు కాదు.

అయితే పక్క పనులు తెలిసి ఉండటంతో సమస్య తీరిపోయిందనడం తప్పు. ఆషాఢపు పని ఆషాఢానికే సరిపోతుంది. ఊళ్ళోని కంసాలులందరూ ఏడాది పొడుగునా చెంబుల మీద పేర్లు కొడతామంటే అన్ని చెంబులు లేవు. తాత్కాలికంగా ఒక ఇంటిని గట్టెక్కించే పై రాబడి, అందరికీ అదే దిక్కు అయినప్పుడు, కూలిని పడగొట్టింది. పట్టణంలో దుకాణదారు ఇచ్చిన ఒకే రకం పనిని, గొలుసు కొక్కేలనో రాళ్ళు పొదగడాన్నో మాత్రమే చేసినవారికి ఆ పక్క పనులు కూడా దూరమై ఉన్నాయి. పని విభజన ఎంత సన్నబడితే ఖాళీ కాలంలో మళ్ళే దారులు అంత తగ్గుతాయి. పల్లె కంసాలి పేదవాడే కాని, అతని చేతిలో దారులు ఎక్కువ. ఆ తేడాను గమనించి ఉంటే సాయం చేసే తీరు వేరుగా ఉండేది: కొత్త వృత్తికి శిక్షణకు బదులు వెండికీ ఇత్తడికీ పెట్టుబడి, దేవాలయ పనులకు ఒప్పందం, పరీక్షకు గుర్తింపు.

గీటురాయి మిగిలిన చోటు

1990లో చట్టం రద్దయిన తరువాత వచ్చిన మార్పు కంసాలికి అనుకూలించలేదు. యంత్రంలో పోసిన నగలు, పెద్ద దుకాణాలు, తరుగు శాతాన్ని ప్రకటనలలో బేరం పెట్టే పద్ధతి వచ్చాయి. తరుగు ఒకప్పుడు కంసాలి మీద నింద. ఇప్పుడది బిల్లులో ముద్రితమైన అంకె, దుకాణం ఆదాయం. 2021 జూన్ నుండి 256 జిల్లాలలో హాల్‌మార్క్ ముద్ర తప్పనిసరి అయింది. శుద్ధిని ఎక్స్-కిరణాల యంత్రం నిమిషాలలో చెబుతుంది. కంటి విద్యకు ఇక చోటు లేదనిపించే దశ ఇది.

అయినా ముద్ర లేని పాత నగలు ఇళ్ళలో ఉన్నాయి, తొలకరి ఏటా వస్తూనే ఉంది. సాహుకారు పెట్టె స్థానంలో బ్యాంకు బంగారు రుణం వచ్చింది. శాఖలలో నగలు పరీక్షించడానికి స్వర్ణకారులను నియమించుకొంటారు. నెలజీతం కాదు, రుణానికింత అని రుసుము. వారికి అప్రైజరు అని పేరు. గీటురాయి, ఆమ్లపు సీసా, చిన్న త్రాసు, పుల్లల కట్ట బల్ల మీద పెట్టుకొని, పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో వారు ఉదయం నుండి కూర్చుంటారు. వరసలో నిలబడినవారిలో విత్తనాల కోసం వచ్చినవారే ఎక్కువ.